పరాయి దేశంలో పిల్లల క్రిస్మస్

ప్రశ్న: మాది ఒంగోలు దగ్గర పల్లెటూరు. పెళ్లయ్యాక జర్మనీ వచ్చాము. పాపకు ఆరేళ్లు, బాబుకు మూడేళ్లు. డిసెంబరు వస్తే నాకు దిగులు పట్టుకుంటుంది. మా ఊళ్లో రాత్రుళ్లు ఇంటింటికీ కేరల్స్, చర్చిలో పిల్లల డ్రామా, ఇంటినిండా చుట్టాలు. ఇక్కడ మేము నలుగురమే. పోయిన ఏడాది అరిసెలు వండి, పాపకు పట్టులంగా కట్టి, తెలుగు పాటలు పాడమంటే ఏడుపు మొదలుపెట్టింది. మావారు ఇంత హడావుడి ఎందుకంటారు. అత్తగారేమో పిల్లలకు క్రిస్మస్ తాత తెలుసు గానీ యేసయ్య తెలియడని ఫోనులో బాధపడుతున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: పిల్లలకు పండుగ ఎలా చేయాలన్న ప్రశ్న, మీరు దూరమైన పండుగ మీద బెంగ, ఈ రెండూ మీ ఉత్తరంలో కలిసిపోయి ఉన్నాయి. ముందు వాటిని విడదీసి చూడండి. పాపకు ఆ పాట నచ్చక ఏడ్చిందని నేను అనుకోను. తాను సరిగ్గా పాడితేనే అమ్మ ముఖంలో సంతోషం కనిపిస్తుందన్న సంగతి ఐదారేళ్ల పిల్ల ఇట్టే పసిగడుతుంది, అంత బాధ్యత మోయలేక ఏడుస్తుంది. ఒంగోలు క్రిస్మస్‌ను ఎన్నడూ చూడని పిల్లలకు అది లేదన్న లోటు ఉండదు. ఆ లోటు మీది, అందులో తప్పేమీ లేదు, కానీ దానిని పూడ్చే పని వారిది కాదు.

అందుచేత ఈ ఏడాది మీ ఊరి పండుగనంతటినీ ఆ ఇంట్లోకి దించాలని చూడకుండా, పిల్లల చేతులతో చేయగలిగిన ఒకటి రెండు పనులను ఎంచుకోండి. రంగు కాగితాలు, వెదురు పుల్లలు తెచ్చి మనవైపు ఇళ్ల ముందు కట్టే నక్షత్రాన్ని వారితోనే చేయించి, లోపల చిన్న బల్బు పెట్టి కిటికీలో వేలాడదీస్తే, అది వంకరగా వచ్చినా వారు దానిని చూసి గర్వపడతారు. పాట ఒక్కటే చాలు, అదీ మొదట మీరు పాడండి, వారు వింటే సరిపోతుంది. అరిసెల పాకం తీయడం పెద్దలకే కష్టమైన పని. పిల్లలకు కజ్జికాయల అంచులు నొక్కే పని అప్పగిస్తే సగం పిండి నేల మీద పడినా సరే, ఆ పూట వారికి గుర్తుండిపోతుంది.

అక్కడి ఆచారాలను పోటీగా చూడవద్దు. క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాలూ వారానికొక కొవ్వొత్తి చొప్పున వెలిగించడం, డిసెంబరు 5 రాత్రి తుడిచిన బూట్లు గుమ్మంలో పెట్టి, మర్నాడు నికొలాస్ అనే పునీతుని పేరిట వాటిలో మిఠాయి చూసుకోవడం, 24 సాయంత్రం కానుకలు విప్పడం, ఇవన్నీ మీ పిల్లల తోటివారు మాట్లాడుకునే సంగతులు. 24 మధ్యాహ్నం చాలా చర్చిలలో పిల్లలు యేసు పుట్టుక నాటకం వేస్తారు. అందులో పాప గొర్రెల కాపరిగా నిలబడితే, మీరు వెదుకుతున్న డ్రామా మరో భాషలో దొరికినట్టే. అత్తగారి ఫిర్యాదుకు కూడా అదే మంచి జవాబు, ఆ వీడియో ఆమెకు పంపండి.

ఆమె బాధను కొట్టిపారేయకండి. అయితే కేకు, క్రిస్మస్ చెట్టు కూడా మనకు బయటినుంచి వచ్చినవేనని నెమ్మదిగా గుర్తు చేయవచ్చు. 1840లో నెల్లూరుకు, 1866లో ఒంగోలుకు అమెరికన్ బాప్టిస్టు మిషనరీలు వచ్చి స్థిరపడ్డాక, వారు తెచ్చిన పండుగకు మనవారు అరిసెలనూ కొత్త బట్టలనూ జతచేసి తమదిగా చేసుకున్నారు. క్రిస్మస్ తాత గురించి పాప అడిగితే, అదొక సరదా ఆట అని, మనం పండుగ చేసుకునేది యేసు పుట్టినందుకని చెప్పండి. పిల్లలు ఆ రెంటినీ గందరగోళం లేకుండా ఉంచుకోగలరు. తోటి పిల్లలకు అది ఆట అని చెప్పవద్దని మాత్రం హెచ్చరించండి, లేకపోతే వారి తల్లులు మీకు ఫోను చేస్తారు.

చలికాలంలో మన గడియారం జర్మనీ కన్నా నాలుగున్నర గంటలు ముందుంటుంది. మీ ఊరి చర్చిలో 24 అర్ధరాత్రి ఆరాధన ఉంటే, అది మీకు సాయంత్రం ఏడున్నరకే వస్తుంది. పిల్లలు మెలకువగా ఉండగానే, నాయనమ్మను చర్చినుంచి వీడియో కాల్ చేయమనండి. పది నిమిషాలు చాలు. పిల్లవాడు తెర ముందు నుంచి లేచిపోతే పోనివ్వండి.

మీవారితో మాట మాత్రం పండుగ దగ్గర పడకముందే జరగాలి. "హడావుడి ఎందుకు" అన్న మాటకు మీరు హడావుడి గురించే జవాబిస్తే వాదన తేలదు; డిసెంబరులో నాకు ఇంటి మీద బెంగ వస్తుంది, ఆ నాలుగు రోజులు నాకు తోడుండాలి అని నేరుగా అడగండి. దగ్గరలో మరో తెలుగు కుటుంబం ఉంటే, వారు ఏ మతంవారైనా, 25 లేదా 26న భోజనానికి పిలవండి. ఆ రెండూ అక్కడ సెలవు దినాలే, దుకాణాలు మూసి ఉంటాయి కాబట్టి సరుకులు ముందే తెచ్చుకోండి.

ఇంకొక సంగతి కూడా గమనించుకోవాలి. డిసెంబరు చివర అక్కడ పగలు సుమారు ఎనిమిది గంటలే ఉంటుంది, వెలుతురు తగ్గడం వల్లనే కొందరికి మనసు కుంగుతుంది. మధ్యాహ్నం వెలుగున్నప్పుడు పిల్లలతో బయట నడవండి. పండుగ దాటినా నిద్ర, ఆకలి, పిల్లల మీద ఓపిక మునుపటిలా రాకపోతే, దానిని ఇంటి బెంగ అని సరిపెట్టుకోక మీ కుటుంబ వైద్యుని కలిసి ఉన్నదున్నట్టు చెప్పండి.