ట్రాక్టర్ కిస్తీ కంటే ముందు మిత్తి లెక్క

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర ఊరు. మూడెకరాలు. ఎకరం బోరు కింద వరి, రెండెకరాలు పత్తి. పోయినేడు దున్నకానికే 21,000 అయినయి. ట్రాక్టర్, రోటవేటర్ కలిపి 6.8 లక్షలు చెప్తున్నరు. చిట్టి ఎత్తిన లక్ష ఉంది, ఇంటామె బంగారం పెట్టి 80,000 తెస్తా. మిగతా 5 లక్షలకు ఫైనాన్సోళ్లు ఆర్నెల్లకు 71,000 చొప్పున పది కిస్తీలన్నరు. డిగ్రీ అయిన కొడుకు కిరాయికి తోలుతా అంటున్నడు. గంటకు 1,200, డీజిల్ పోను 700 మిగులుతది. ఊళ్లో 11 ట్రాక్టర్లున్నయి. రైతు భరోసా కూడా కిస్తీకి కలుస్తది. బయట 1,20,000 అప్పుంది, రెండు రూపాయల మిత్తి. 2024లో మాఫీ అయినంక బ్యాంకు మొఖం చూడలే. ట్రాక్టర్ తీసుకోమంటరా, ఇంకో బోరు వేయమంటరా?

జవాబు: అన్నా, ట్రాక్టర్ గురించి ఇంత వివరంగా రాసి, అప్పు సంగతి ఒక్క ముక్కలో దాటేశారు. నేను అక్కడే ఆగిపోయాను. రెండు రూపాయల మిత్తి అంటే నూటికి నెలకు రెండు, మీ అప్పుకు నెలకు 2,400, ఏడాదికి 28,800. దున్నకానికి మీరు పెట్టింది 21,000. ట్రాక్టర్ కిరాయి జేబులోంచి తీసి లెక్కపెట్టి ఇస్తారు కాబట్టి గుచ్చుకుంటుంది. మిత్తి పత్తి అమ్మిన రోజు పట్టీలోనే కోసుకుపోతారు, కళ్లబడదు.

ట్రాక్టర్ లెక్క చూద్దాం. ఏడాదికి రెండు కిస్తీలు, 1,42,000. ఇన్సూరెన్స్, సర్వీసు, టైర్ల కోసం పక్కన పెట్టేది కలిపి ఇంకో 30,000 వేసుకోండి. మొత్తం 1,72,000. గంటకు 700 చొప్పున దాదాపు 245 గంటలు పక్కోళ్ల పొలాల్లో తిరిగితే కిస్తీకి సరిపోతుంది, మీ అబ్బాయికి మాత్రం రూపాయి జీతం ఉండదు. 245 గంటలు పెద్ద పనేం కాదు, ఊళ్లో 11 ట్రాక్టర్లు లేకపోతే. మొదట కొన్న ఇద్దరు ముగ్గురు సంపాదించుకుని ఉంటారు. పన్నెండోదిగా మీరు దిగితే రేటు తగ్గించాలి, లేదా ఉద్దెర పెట్టాలి. దుక్కి అయ్యాక “పంట రానియ్యి, ఇస్త” అనే మనిషిని ఊళ్లో ఉండి కాదనలేరు. ఫైనాన్సోళ్లు మాత్రం పంట వచ్చేదాకా ఆగరు. రైతు భరోసా సీజన్‌కు ఎకరానికి 6,000, మీకు 18,000. అది ఏ తేదీన పడుతుందో మన చేతుల్లో లేదు. కిస్తీ తేదీ కాగితం మీద ఉంటుంది. ఈ రెంటినీ జత కట్టకండి.

అందుకని నా మాట: చిట్టి లక్ష తీసుకెళ్లి అప్పుకు కట్టేయండి, నోటు వెనక జమ రాయించుకోండి. ఆ ఒక్క పనితో ఏడాదికి 24,000 మిగులుతుంది, మీ దున్నకం ఖర్చంతా అందులోనే ఎల్లిపోతుంది. మిగిలిన 20,000 పత్తి అమ్మగానే తీర్చండి. విత్తనాలు, ఎరువుల కోసం మళ్లీ షావుకారి గడప తొక్కకుండా, పట్టాదారు పాస్‌బుక్ పట్టుకుని బ్యాంకుకు వెళ్లి పంట రుణం అడగండి. 3 లక్షల దాకా మిత్తి 7 శాతం, గడువులోపల కడితే 3 శాతం రాయితీ పోను 4 శాతమే పడుతుంది. అంటే లక్షకు ఏడాదికి 4,000, షావుకారికి రెండు నెలల మిత్తి. ఇంకో మాఫీ వస్తుందేమోనని కట్టకుండా కూర్చుంటే ఆ 3 శాతం రాయితీ పోతుంది. వదిన బంగారం ఇంట్లోనే ఉండనివ్వండి.

బోరు మాట వినగానే మా నాయన గుర్తొచ్చారు. కల్వకుర్తి వైపు మాకూ మూడెకరాల చెలక ఉండేది. అరచేతిలో కొబ్బరికాయ పెట్టి ఒకాయన చేనంతా తిరిగి, కాయ లేచిన చోట కాలుతో గీత గీశాడు. రాత్రంతా రిగ్గు మోగింది. తెల్లారేసరికి వేపచెట్టు ఆకులన్నీ తెల్లటి దుమ్ము. మా అమ్మ చెంబుతో నీళ్లు పట్టుకుని నిలబడింది, పడితే పూజ చేద్దామని. అలా నాలుగు బోర్లు వేశారు. అప్పు తీర్చడానికి ఎకరం పోయింది. మనది రాతి నేల. పైన మెత్తబడ్డ పొరలో, రాతి పగుళ్లలో ఎంత నీరుంటే అంతే, లోతుకు పోయినకొద్దీ ఎక్కువ దొరుకుతుందని రాసి లేదు. మోటారు బిల్లు 2004 నుంచే లేదు, 2018 జనవరి 1 నుంచి ఆ ఉచిత కరెంటు 24 గంటలూ వచ్చింది, ఆ నీళ్లు మాత్రం పెరగలేదు.

ఉన్న బోరు నీళ్లనే సాగదీయండి. పత్తిలో ఎకరానికి డ్రిప్ రాయితీ కోసం ఉద్యానశాఖ ఆఫీసులో దరఖాస్తు పెట్టండి. అటు నీళ్లకు సున్నం పేరుకుని పైపుల బొక్కలు మూసుకుపోతాయి. పెట్టినవాళ్లతోనే ఆసిడ్ పట్టించడం దగ్గరుండి నేర్చుకోండి. మందు కొట్టడానికి డ్రోన్ వస్తే కిరాయికి పిలవండి, కొనే ఆలోచన వద్దు. మహిళా సంఘాలకైతే డ్రోన్ ధరలో 80 శాతం, 8 లక్షలు మించకుండా ఇచ్చే పథకం 2023లో కేంద్రం పెట్టింది, ఇంకా నడుస్తుందేమో వదినను సంఘంలో అడగమనండి.

ఇంకో లెక్క మీరు రాయలేదు: వదిన కూలి. మూడెకరాల ఇంట్లో యంత్రం రెండు వైపులా కోస్తుంది. వరికోత మిషన్ మీ మడిలో ఖర్చు తగ్గించింది, పక్కోళ్ల మడిలో ఆమె కోతకూలి తీసేసింది. నాట్లు మానేసి అందరూ వెదజల్లడం మొదలుపెడితే నాట్ల కూలీ తగ్గుతుంది. పోయినేడు ఆమె ఎన్ని రోజులు కూలికి పోయిందో అడిగి రాసుకోండి. ఇంటికి వచ్చే డబ్బులో అదెంతో తెలియకుండా ఏ యంత్రం జోలికీ పోవద్దు.

అబ్బాయి ఉత్సాహాన్ని చంపమని కాదు. ఊళ్లో ఉన్న 11 ట్రాక్టర్లలో ఒకదాని మీద ఈ వానాకాలం, యాసంగి డ్రైవర్‌గా చేయమనండి. ఒక నోటుబుక్ కొనివ్వండి. రోజూ ఎన్ని గంటలు తోలాడో, డీజిల్ ఎంత పట్టిందో, చేతికి ఎంత వచ్చిందో, ఎవరి దగ్గర ఎంత ఉద్దెర ఉండిపోయిందో రాయాలి. యాసంగి కోతలయ్యాక ఆ పేజీలు ఫోటో తీసి పంపండి, అప్పుడు కిస్తీ సంగతి మాట్లాడుకుందాం.