ముందే తీసుకున్న చందా ఆదాయం కాదు

ప్రశ్న: మాది చేవెళ్ల మండలం. మా అత్తగారి పేరిట ఒకటిన్నర ఎకరం పొలం, అందులో ఒక బోరు ఉన్నాయి. నేను ప్రైవేటు పాఠశాలలో నెలకు రూ.22,000 జీతానికి పనిచేస్తున్నాను. ఉద్యోగం మానేసి, హైదరాబాద్‌లోని 50 కుటుంబాలకు వారానికో కూరగాయల బుట్ట పంపాలనుకుంటున్నాను. బుట్టకు 5 కిలోలు, ధర రూ.400. ఆరు నెలల చందా ముందే తీసుకుంటే రూ.5.20 లక్షలు చేతికొస్తాయి. దానితో ట్రాలీ ఆటో కొని, చిన్న పాలీహౌస్ (ప్లాస్టిక్ పొర కప్పిన సాగు పందిరి) వేయవచ్చా? రూ.3 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ కూడా ఉంది.

జవాబు: ఆలోచన మంచిదేనండీ, కానీ ఆ రూ.5.20 లక్షలను మీరు పెట్టుబడిగా లెక్కించడం సరికాదు. అది 26 వారాల పాటు బుట్టలు అందించి తీర్చవలసిన బాకీ. ఆరో వారం తర్వాత వడగళ్ళు పడి టమాట, పందిరి మీది బీర, కాకర పోయాయనుకోండి. మిగిలిన 20 వారాల సొమ్ము వెనక్కి ఇమ్మని అందరూ అడిగితే మీరు రూ.4 లక్షలు చెల్లించాలి, ఆ డబ్బేమో అప్పటికి ఆటోగానూ పాలీహౌస్‌గానూ మారిపోయి ఉంటుంది. కాబట్టి 20 కుటుంబాలతో మొదలుపెట్టి, నాలుగు వారాల చందా, అంటే రూ.32,000 మాత్రమే ముందుగా తీసుకోండి. దానిని వేరే బ్యాంకు ఖాతాలో ఉంచి, ప్రతి వారం బుట్టలు చేరిన తర్వాతే రూ.8,000 మీ ఖాతాలోకి మార్చుకోండి.

ఇక ఖర్చుల లెక్క చూద్దాం. కలుపు తీయడానికి, కోతకు ఇద్దరు కూలీలు నెలకు 12 రోజులు, రోజుకు రూ.450 చొప్పున వస్తే రూ.10,800, అద్దె ఆటో నాలుగు విడతలకు, విడతకు రూ.1,800 వంతున రూ.7,200, విత్తనాలు, నారు, ఎరువు, సంచులకు రూ.4,500 అనుకుందాం. మొత్తం రూ.22,500 పోగా మిగిలేది రూ.9,500, అదీ మీ శ్రమకు విలువ కట్టకుండా. ఈ అంకెలన్నీ నా అంచనాలే, మీ ఊరి ధరలు వేసి సరిచూసుకోండి. నా దృష్టిలో అసలు కీలకం ఆటో ఖర్చు: 80 బుట్టల మీద అది బుట్టకు రూ.90 పడుతుంది; అదే విడతలో 40 కుటుంబాలకు అందించగలిగితే రూ.45కు తగ్గుతుంది. అందుకే నగరమంతా చెల్లాచెదురుగా ఉన్న 20 ఇళ్ళకన్నా, మొయినాబాద్ మీదుగా వెళ్ళే మీ దారిలోనే ఉన్న ఒకటి రెండు అపార్టుమెంట్ల సముదాయాలను ఎంచుకోవడం మేలు. సొంత ఆటో మాట 40 కుటుంబాలు నిలకడగా కొనసాగిన తర్వాత చూడవచ్చు, పాలీహౌస్‌ను మాత్రం ఇప్పటికి పూర్తిగా పక్కన పెట్టండి.

వారానికి 100 కిలోలు పండించడం ఆ పొలానికి పెద్ద భారం కాదు. కష్టమల్లా ప్రతి వారం ఏడెనిమిది రకాలు ఒకేసారి కోతకు రావడంలో ఉంది. తోటకూర, మెంతికూర నెల రోజుల లోపే చేతికొస్తాయి కనుక చిన్న చిన్న మడుల్లో వారం వారం విత్తుకోవాలి. బెండ మొదటి కోతకు దాదాపు నెలన్నర, నాటిన టమాటకు రెండు నెలలకు పైగా పడుతుంది. ఆ ఎదురుచూపు కాలంలో కూలి ఖర్చుకు ఆదాయం ఉండదు కాబట్టి డిపాజిట్‌లో రూ.80,000 వరకు దీనికి కేటాయించి, మిగతాది కదపకండి.

ఉద్యోగం ఇప్పుడే మానవద్దు. శనివారం సాయంత్రం కాయకూరలు, ఆదివారం తెల్లవారుజామున ఆకుకూరలు కోసి, ఆదివారమే పంపితే బడికి ఆటంకం ఉండదు. ఎండలకు కాపు తగ్గి, బోరులో నీరు కూడా తగ్గే మే నెలలో మీకు ఎలాగూ వేసవి సెలవులే. ఆ నెల లెక్కను కళ్ళారా చూసుకున్నాక రాజీనామా గురించి ఆలోచించండి. ఏప్రిల్, మే నెలల్లో బుట్టలో రకాలు తగ్గవచ్చని చందాదారులకు మొదటి రోజే కాగితం మీద రాసి ఇవ్వండి.

సొంతంగా పండించిన కూరగాయల ఆదాయంపై ఆదాయపు పన్ను లేదు. అయితే మీ జీతం వంటి ఇతర ఆదాయం మినహాయింపు పరిమితి దాటితే, రూ.5,000 మించిన వ్యవసాయ ఆదాయాన్ని పన్ను రేటు నిర్ణయించడానికి కలిపి లెక్కిస్తారు. తాజా కూరగాయలపై జీఎస్టీ కూడా లేదు. పొలం అత్తగారి పేరిట ఉంది కనుక, సాగు మీదేనని చూపేలా ఆమెతో కౌలు పత్రం రాయించుకోండి. ఇంట్లో వాళ్ళ మధ్య కాగితాలేమిటని మొహమాటపడవద్దు. బుట్ట నింపడానికి మార్కెట్లో కొని అమ్మితే మాత్రం ఆ లాభం వ్యాపార ఆదాయమే, దానికి వేరే పుస్తకం పెట్టాలి. పచ్చళ్ళు కూడా పంపాలనుకుంటే ఆహార భద్రత సంస్థ వద్ద నమోదు అవసరం.

పంట ఖర్చుకు అప్పు తప్పనిసరైతే కిసాన్ క్రెడిట్ కార్డు చూడండి. రూ.3 లక్షల వరకు పంట రుణానికి వడ్డీ 7 శాతం, గడువులోగా తీరిస్తే నికరంగా 4 శాతం పడుతుంది. అత్తగారి పట్టాదారు పాసుపుస్తకం మీద తీసుకుంటే ఆ రుణం ఆమె పేరిటే నమోదవుతుంది, గడువు దాటితే బ్యాంకు నోటీసు కూడా ఆమెకే వస్తుంది; ఈ విషయం ఆమెకు ముందే చెప్పి సంతకం తీసుకోండి.