ఆట ఆగింది, అబ్బాయి గది వదలడం లేదు

ప్రశ్న: మేం డాలస్ దగ్గర ఉంటాం. మా అబ్బాయి కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్‌లో క్వార్టర్‌బ్యాక్, అంటే జట్టు దాడిని నడిపించే ఆటగాడు. మోకాలి ఆపరేషన్‌తో ఆట ఆగిపోయింది. డిగ్రీ పూర్తయి నాలుగు నెలలైంది, గదిలోంచి రాడు. మ్యాచ్‌లో ముంజేతికి కట్టుకునే పట్టీని తలగడ కింద పెట్టుకుంటున్నాడు. వాళ్ల నాన్నేమో “ముందే చెప్పానా? ఎం.ఎస్.కి అప్లై చెయ్” అంటారు. నాకు టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, ఆ పట్టీని మాత్రం సర్దేయకండి. దానిమీద చీమల బారులా రాసుండే ఆట ఎత్తుగడల్లో ఒకటి చూసి ఇతను చెబితేనే మిగతా పదిమందీ కదిలేవారు. పొద్దున్నే జిమ్, క్లాసు, వీడియోలు, ప్రాక్టీసు... ఏం తినాలో కూడా ఎవరో చెప్పేవారు. ఇప్పుడు తెల్లారితే పిలిచేవాళ్లు లేరు. ఇంట్లో మనిషి పోయినంత దిగులు అది.

మీవారి మాట ప్రేమతో వచ్చిందే, తగలడం మాత్రం కర్రదెబ్బలా తగులుతుంది. కాలేజీ ఆట ముగించినవాళ్లలో ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ దాకా వెళ్లేది వందకు ఇద్దరు కూడా ఉండరు. ఈ లెక్క మీకంటే అతనికే బాగా తెలుసు. ఓక్లహోమా క్వార్టర్‌బ్యాక్ జేసన్ వైట్ రెండు మోకాళ్లకూ ఆపరేషన్లయ్యాక 2003లో హైస్‌మన్ ట్రోఫీ గెలిచాడు. కాలేజీ ఫుట్‌బాల్‌లో ఆటగాడికి అంతకు మించిన బహుమతి లేదు. అయినా ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు కొత్త ఆటగాళ్లను తీసుకునే 2005 డ్రాఫ్ట్‌లో ఒక్క జట్టూ ఎంచుకోలేదు. తర్వాత టెనసీ టైటన్స్ జట్టు తీసుకున్నా, మోకాళ్లు సహకరించక తనే మానుకున్నాడు. మరి మీవాడిది ఓటమి అంటే నేనొప్పుకోను.

తలనొప్పి, నిద్ర పట్టకపోవడం, చీటికిమాటికి కోపం ఉన్నాయా? బద్ధకం అనుకోకండి. తలకు తగిలిన దెబ్బల సంగతి కూడా చెప్పి న్యూరాలజిస్టుకు చూపించండి. కాలేజీ ఆటల్లో పై స్థాయి అయిన డివిజన్ వన్ కాలేజీ అయితే, 2024 ఆగస్టు నుంచి ఉన్న నిబంధన ప్రకారం, ఆటలో అయిన గాయాలకు ఇన్సూరెన్స్ పోగా మీ చేతినుంచి పడే ఖర్చును కాలేజీ వదిలాక కూడా రెండేళ్లపాటు కాలేజీయే భరించాలి. ఈ వారమే అతని చేత కాలేజీకి మెయిల్ పెట్టించండి. బతికి ఏం లాభం లాంటి మాట ఎప్పుడైనా నోట వస్తే మాత్రం ఆలోచించకుండా 988 హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి, పగలూ రాత్రీ పలుకుతారు.

ఎం.ఎస్. ఊసు కొన్నాళ్లు ఆపండి. టెక్సస్‌లో శుక్రవారం రాత్రి హైస్కూలు మ్యాచ్‌లుంటాయి కదా, మీవారిని “నాకు తోడు రారా, ఆట అర్థమయ్యేలా చెప్పు” అని తీసుకెళ్లమనండి. రానంటే మళ్లీ శుక్రవారం అడగాలి. వస్తే ఆ పట్టీమీద రాతలేమిటో చెప్పించుకోవాలి. మధ్యలో సలహా ఇవ్వకుండా వినగలరా అన్నదే నా అనుమానం.