అమ్మకు బాత్రూం, అమ్మ పేరున ఇల్లు

ప్రశ్న: మా అమ్మకు 76 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. వాకర్ పట్టుకుని నడుస్తుంది. ఇంట్లో ఉన్నది గట్టు మీద కట్టిన ఇండియన్ టైపు లెట్రిన్. బాత్రూంలోకి మూడంగుళాలు దిగాలి. కిందటి నెల టవల్ రాడ్ పట్టుకుని లేవబోతే అది ఊడొచ్చింది. ఏయే మార్పులు చేయించాలి?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: టవల్ రాడ్ తువ్వాలు మోయడానికి బిగించింది, మనిషి బరువుకు ఆగదు. మిగిలి ఉన్న రాడ్లన్నీ ముందు తీయించేయండి. అవి కనబడుతున్నంత కాలం అమ్మగారి చెయ్యి వాటి మీదికే పోతుంది. వాటి బదులు ఒకటింపావు నుంచి ఒకటిన్నర అంగుళాల మందమున్న స్టీల్ గ్రాబ్ బార్‌లు, అంటే పట్టుకుని లేవడానికి గోడకు బిగించే కడ్డీలు, రెండు కావాలి. ఒకటి కూర్చునే చోట పక్క గోడకు అడ్డంగా, నేల నుంచి 27–30 అంగుళాల ఎత్తులో. రెండోది లేచేటప్పుడు అందేలా కాస్త ముందుకు, నిలువుగా. గోడకూ బార్‌కూ మధ్య ఒకటిన్నర అంగుళం సందు చాలు. మరీ ఎక్కువైతే జారిన చెయ్యి అందులో ఇరుక్కుంటుంది.

ఎర్ర ఇటుక గోడైతే యాంకర్ బోల్టులు పట్టు ఇస్తాయి, కానీ డ్రిల్లు ఇటుకలోకి దిగాలి, రెండు ఇటుకల మధ్య సిమెంటు సందులోకి కాదు. తెల్లటి తేలిక ఇటుకల్లో మామూలు ప్లగ్గులు కొన్నాళ్లకు వదులవుతాయి. అలాంటి గోడకు ఆరపార రంధ్రం చేసి, అవతలి వైపు ఇనుప ప్లేటు పెట్టి బోల్టు బిగించమనండి. పని అయ్యాక మేస్త్రీనే రెండు చేతులతో బార్‌కు వేలాడమనండి. కదిలితే మళ్లీ బిగించాల్సిందే. గాలి పీల్చుకుని గోడకు అతుక్కునే రబ్బరు బార్‌లు మాత్రం కొనకండి. తడి టైల్ మీద అవి చెప్పకుండా ఊడిపోతాయి.

లెట్రిన్ మీద పెట్టే కమోడ్ కుర్చీ చవక. అయితే మీ ఇంట్లో గట్టుంది కాబట్టి రెండు కాళ్లు గట్టు మీద, రెండు కింద పడితే కుర్చీ ఊగుతుంది. నాలుగూ ఒకే మట్టాన నిలబడేటట్టుంటేనే తీసుకోండి. కాళ్ల రబ్బరు బుష్‌లు అరిగిపోతుంటాయి, నెలకోసారి తిప్పి చూడండి. వెస్టర్న్ కమోడ్ పెట్టించేటట్టయితే సీటు నేల నుంచి 17–19 అంగుళాలుండాలి. కొనడానికి వెళ్లే ముందు వెనక గోడ నుంచి పైపు నడిమధ్యకు ఎంతుందో టేపుతో కొలవండి. ఆ కొలత లేకుండా తెచ్చిన కమోడ్ పైపు మీద కూర్చోక వాపసు పోవడం మామూలే.

ఇక తలుపు. లోపలికి తెరుచుకునేదైతే, జారిపడిన మనిషి దానికే అడ్డంగా ఉండిపోతారు, బయటివాళ్లు తెరవలేరు. బందులు మార్చి బయటికి తెరుచుకునేలా చేయించండి, గడియ బయటి నుంచి కూడా తీయగలిగేది పెట్టించండి. రెండడుగుల తలుపులో వాకర్ పట్టదు. కనీసం 30 అంగుళాలు ఉండాలి. మూడంగుళాల దిగుడుకు ర్యాంపు వేయాలంటే మూడడుగుల పొడవు కావాలి, బాత్రూంలో అంత చోటుండదు. గుమ్మం పక్కన నిలువు బార్ ఒకటి బిగించి, దిగుడు అంచుకు పసుపు పట్టీ అతికించండి. చూపు తగ్గినవాళ్లకు ఒకే రంగు టైల్స్‌లో మెట్టు కనబడదు. మంచం నుంచి బాత్రూం దాకా రాత్రి చిన్న లైటు వెలుగుతూ ఉండాలి.

ప్రశ్న: నాకు 71. ఆయన పోయారు. ఇల్లు నా పేరున ఉంది. గిఫ్ట్ రాసిస్తే చూసుకుంటానని అబ్బాయి అంటున్నాడు. తర్వాత చూడకపోతే?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: తొందరపడి సంతకం చేయకండమ్మా. 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ చట్టంలోని 23వ సెక్షన్ ప్రకారం, కనీస అవసరాలు చూడాలన్న షరతుతో రాసిచ్చి, పుచ్చుకున్నవాళ్లు చూడకపోతే, ఈ చట్టం కింద పెద్దల అర్జీలు వినే ట్రిబ్యునల్ ఆ దస్తావేజును రద్దు చేయగలదు. కిటుకంతా ఆ షరతులోనే ఉంది. అది ఉన్నట్టు తేలకపోతే ఈ సెక్షన్ వర్తించదని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 జనవరి తీర్పులో మాత్రం చట్టాన్ని పెద్దల మేలు కోరి ఉదారంగా చదవాలంది, ఇల్లు తిరిగి స్వాధీనం చేయించే అధికారమూ ట్రిబ్యునల్‌కు ఉందంది. అయినా కోర్టు దయ మీద ఎందుకు ఆధారపడాలి? ఉత్తినే ‘ప్రేమాభిమానాలతో’ అని రాస్తే చాలదు. తిండి, మందులు, వైద్యం చూడాలనీ, మీ జీవితకాలం ఆ ఇంట్లో ఉండే హక్కు, అద్దె తీసుకునే హక్కు మీవేననీ దస్తావేజులోనే రాయించండి.

మా మాటైతే, వీలునామా రాయండి. ఇద్దరు సాక్షుల సంతకాలుంటే చెల్లుతుంది, బతికుండగా ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, ఇల్లు మీ పేరునే ఉంటుంది. ఇప్పటికే రాసిచ్చేసి ఇబ్బంది పడుతున్నవాళ్లు ఆర్డీవో కార్యాలయంలోని ట్రిబ్యునల్‌కు అర్జీ పెట్టుకోవచ్చు. దస్తావేజు నకలు, వయసు రుజువు జత చేయాలి. దారి తెలియకపోతే వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కు ఫోన్ చేయండి.