నాలుగింటి బస్సుకి మెయిల్ బ్యాగు

చి. సౌ. సుజాతకి,

పెద్దమ్మ ఆశీస్సులు. మొన్న నువ్వు ఫోన్లో ఏడుస్తూ చెప్పిందంతా విన్నాక నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు. మతిమరుపు జబ్బు (డిమెన్షియా) ఉన్న మీ అత్తగారు పొద్దు వాలగానే "ఇంటికెళ్తాను, అమ్మ ఎదురుచూస్తుంటుంది" అని బట్టలు మూటగట్టుకుని గుమ్మంలో నిలబడుతున్నారని, "మీ అమ్మగారు పోయి ముప్పై ఏళ్లయింది కదండీ" అంటే గోల పెడుతున్నారని అన్నావు. ఆ మాట ఇకమీదట అనకు తల్లీ. నువ్వు చెప్పిన ప్రతిసారీ ఆవిడకి అది కొత్త కబురే. కన్నతల్లి పోయిందని రోజూ వినాల్సి వస్తే మనమైనా తట్టుకుంటామా?

మీ పెదనాన్న విషయంలో రెండేళ్లు నేనూ ఇదే తప్పు చేశాను. పోస్ట్‌మాస్టరుగా రిటైరై పన్నెండేళ్లయినా, సాయంత్రం నాలుగయ్యేసరికి "బ్యాగు కట్టాలి, బస్సు వచ్చేస్తుంది" అని ఒకటే కంగారు. మీరు రిటైరయ్యారండీ అంటే చెయ్యెత్తేవారు. ఒకరోజు వాదించే ఓపిక లేక "పదండి, కట్టేద్దాం" అన్నాను. అటక మీది పాత ఉత్తరాలు, శుభలేఖలు, ఒక గుడ్డ సంచీ, పురికొస ముందు పెట్టాను. ఏది ఏ ఊరి నుంచి వచ్చిందో చదువుకుంటూ వేరువేరు కట్టలు పెట్టారు. నా పేరు కూడా గుర్తులేని మనిషి సంచీ మూతి మడిచి, పురికొస రెండు చుట్లు తిప్పి బిగించిన ముడి నేను కత్తెర లేకుండా విప్పలేకపోయాను. "హమ్మయ్య, అందింది" అని కూర్చుని కాఫీ అడిగారు. ఆ తర్వాత మూడేళ్లు రోజూ ఆ సంచీ కట్టించాను.

ఇలా వాళ్ల మనసులో ఉన్నదాన్ని కాదనకుండా మాట్లాడే పద్ధతికి అమెరికాలో నవోమీ ఫైల్ అనే సోషల్ వర్కర్ 'వాలిడేషన్' అని పేరు పెట్టిందట. అంటే అబద్ధమాడమని కాదు. "అమ్మ గుర్తొస్తోందా అత్తయ్యగారూ? ఆవిడ చేతి వంటల్లో మీకేది ఇష్టం?" అని అడుగు. చెప్తూ చెప్తూ గుమ్మం సంగతి మర్చిపోతారు.

చేతికి పని ఇవ్వు. చింతపండు గింజలు తీయడం, వత్తులు చేయడం, చిక్కుడుకాయలు ఒలవడం. సరిగ్గా రాకపోతే రాకపోనీ, ఆవిడ ముందు మాత్రం మళ్లీ సరిచేయకు. మంగళహారతి నువ్వు మొదటి చరణం ఎత్తుకుంటే చాలు, మిగతాది ఆవిడే అందుకోవచ్చు. మాట పోయాక కూడా పాట చాలాకాలం నిలుస్తుంది.

చీకటి పడకముందే లైట్లన్నీ వెయ్యి. నీడలు చూసి భయపడతారు. గుమ్మం దగ్గర నల్ల పట్టా ఉంటే తీసెయ్యి, వాళ్ల కంటికి అది గొయ్యిలా కనిపిస్తుంది. తెల్ల ప్లేటులో తెల్లన్నం వాళ్ల కంటికి ఆనదు, రంగు ప్లేటు కొను.

చుట్టాలకి ఒక్క మాట గట్టిగా చెప్పు: "నేనెవరో చెప్పుకో చూద్దాం" అని ఎవరూ పరీక్ష పెట్టకూడదు. వచ్చినవాళ్లే తమ పేరు, వరస చెప్పుకోవాలి. ఆ ప్రశ్నకి మీ పెదనాన్న తలదించుకోవడం నేను కళ్లారా చూశాను. ఇప్పటికీ ఆ కోపం నాకు పోలేదు.

వీటితో జబ్బు నయమవదు, అది తెలిసే చెప్తున్నాను. డాక్టరు రాసిన మందులు నీ అంతట నువ్వు ఆపకు. గొడవ తగ్గడానికి మత్తు మందు రాస్తే మాత్రం అది నిజంగా అవసరమా, ఎన్నాళ్లు వాడాలి అని అడుగు. ఈ జబ్బున్న పెద్దవాళ్లకి అలాంటి కొన్ని మందులతో పక్షవాతం ముప్పు పెరుగుతుంది. ఒకటి రెండు రోజుల్లోనే మనిషి ఉన్నట్టుండి బాగా మారిపోతే, మూత్రంలో ఇన్ఫెక్షనో, మలబద్ధకమో, ఎక్కడైనా నొప్పో అయ్యుండొచ్చు. వెంటనే చూపించు.

మీ ఆయన్ని ఆదివారం మధ్యాహ్నాలు తల్లి దగ్గర కూర్చోమను. ఆ మూడు గంటలు నువ్వు పడుకో, పనులు ముందేసుకోకు. పెద్దల హెల్ప్‌లైన్ 14567 కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద అంటించు.

రేపు సాయంత్రం ఆవిడ ముందు చిక్కుడుకాయల బుట్ట పెట్టి చూడు. ఏమైందో రాత్రి ఫోన్ చెయ్యి, మేలుకునే ఉంటాను.

నీ పెద్దమ్మ