బొటనవేలి దగ్గర మొదలుపెట్టు

అమ్మా,

తొలి వ్యవసాయం మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. "మానవుడు వ్యవసాయం కనుగొన్నాడు, నాగరికత వికసించింది" అన్న మొదటి వాక్యం తీసెయ్. ఆ మానవుడు నీకే కనిపించలేదు, ఇక నాకెలా కనిపిస్తాడు?

ఉత్తర సిరియాలో, యూఫ్రటీస్ ఒడ్డున అబూ హురేరా అనే పాటిదిబ్బ ఉండేది. డ్యామ్ నీళ్లలో మునిగిపోతుందని 1972, 73లో ఉన్నంతలో తవ్వారు. అక్కడి ఎముకల్ని ఎముకల నిపుణురాలు థేయా మోలెసన్ పరిశీలించారు. ముఖ్యంగా ఆడవాళ్ల కాలి బొటనవేలి కీళ్లు అరిగిపోయి ఉన్నాయి. మోకాళ్లలో, నడుములో కూడా అదే శ్రమ జాడ. రోజూ గంటల తరబడి మోకాళ్ల మీద కూర్చుని, కాలివేళ్లు మడిచి నేలకి అదిమి, గింజలు నూరేవాళ్లు. నువ్వు తిరగలి అని రాశావు. తిరగలి రావడానికి ఇంకా వేల ఏళ్లుంది. అది మన సన్నికల్లు, పొత్రం లాంటిది. మా అమ్మ గొంతుక్కూర్చుని పచ్చడి నూరేది, పది నిమిషాల పని. వీళ్లు ఒళ్లంతా ముందుకీ వెనక్కీ ఊపుతూ ఇంటిల్లిపాదికీ పిండి చేయాలి. ఆ వేలి దగ్గర మొదలుపెట్టు తల్లీ.

"కనుగొన్నాడు" అన్న మాట నాకెందుకు నచ్చదో చెప్తాను. అడవి గోధుమ పండగానే కంకి విడిపోయి గింజ రాలిపోతుంది. రాలని కంకులు ఎక్కడో ఒకటీ అరా. కోసి ఇంటికి తెచ్చిన పనలో అవే ఎక్కువగా మిగిలేవి, మళ్లీ విత్తితే అవే మొలిచేవి. అలా చేలంతా రాలని గోధుమే నిండడానికి వేల ఏళ్లు పట్టింది. తమ చేతుల మీదుగా ఏం జరుగుతోందో ఏ తరానికీ తెలిసి ఉండదు.

మెసొపొటేమియాలోని, అంటే ఇప్పటి ఇరాక్‌లోని, ఉరుక్ నగరం దగ్గరకొచ్చేసరికి నువ్వు టెన్షన్ పడి పరుగెత్తావు. రాజులు, గుళ్లు, లిపి, అన్నీ ఒక్క పేరాలోనే. క్రీ.పూ. 3300 ప్రాంతపు అక్కడి మట్టి పలకల మీద కథలూ పద్యాలూ లేవు. ఎక్కువగా లెక్కలే: ఇంత బార్లీ, ఇన్ని గొర్రెలు. ఏటవాలు అంచున్న ముతక మట్టి గిన్నెలు కుప్పలుగా దొరికాయి. పనివాళ్లకి బత్తెం కొలవడానికని కొందరంటారు, రొట్టె అచ్చులని ఇంకొందరు. రెండూ నీ వ్యాసంలో రాయి. తినడానికి వాళ్లు గీసిన గుర్తు చూశావా? మనిషి తల, దాని పక్కన గిన్నె.

గుళ్ల సంగతి తర్వాత. ముందు ఆ నూరే ఆడవాళ్ల గురించి రెండు పేజీలు రాసి పంపు.