టెక్ సందేహాలు: కరెంటు పోతే ట్యాబులన్నీ గోవిందా!

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లెటూరు. రొయ్యల చెరువుల లెక్కలు రాస్తుంటాను. కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలు) రేట్లు, మేత బిల్లులు, వాతావరణం, బ్యాంకు... క్రోమ్‌లో ఎప్పుడూ నలభై ట్యాబులు తెరిచే ఉంటాయి. కరెంటు పోతే అన్నీ గోవిందా. మౌస్ ముట్టుకోకుండా వీటిని దాచుకుని, మళ్లీ వెతుక్కునే దారి ఉందా?

జవాబు: ఉందండి. ముందు ఏ ఎక్స్‌టెన్షనూ (బ్రౌజర్‌కి అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్) అక్కర్లేని పని ఒకటి చేసేయండి. క్రోమ్ సెట్టింగ్స్‌లో 'ఆన్ స్టార్టప్' దగ్గర 'కంటిన్యూ వేర్ యూ లెఫ్ట్ ఆఫ్' ఎంచుకోండి. పొరపాటున మూసేసిన ట్యాబుకైతే కంట్రోల్, షిఫ్ట్, టి. సగం టెన్షన్ ఇక్కడే తీరుతుంది.

కానీ కిందటి రొయ్యల పట్టుబడినాటి ట్యాబులు ఇవాళ కావాలంటే ఇది చాలదు. దానికి 'ట్యాబ్ సెషన్ మేనేజర్' అనే ఎక్స్‌టెన్షన్ వేసుకోండి. సెషన్ అంటే ఒకసారి సేవ్ చేసిన ట్యాబుల గుంపు. క్రోమ్‌కీ, ఫైర్‌ఫాక్స్‌కీ ఉంది. ఒక్కో పనికి ఒక్కో విండో పెట్టుకుని, ఆ విండోను మాత్రమే సేవ్ చేయండి. 'మూడో చెరువు మేత' అని పేరు పెట్టండి. 'సెషన్ 1' అంటే వారం తిరిగేసరికి మీకే గుర్తుండదు. క్రోమ్ ఎక్స్‌టెన్షన్స్ పేజీలో ఎడమపక్క 'కీబోర్డ్ షార్ట్‌కట్స్' ఉంటుంది. ట్యాబ్ సెషన్ మేనేజర్‌ను తెరిచే మీటలు అక్కడ మీరే పెట్టుకోవచ్చు. నావి ఆల్ట్, షిఫ్ట్, ఎస్. ఆటో సేవ్ కూడా ఆన్ చేయండి, కరెంటు మనకు చెప్పి పోదు కదా!

తెరిచి ఉన్న ట్యాబుల్లో వెతకడానికి 'విమియమ్' అనే ఇంకో ఎక్స్‌టెన్షన్. పెద్ద టి (షిఫ్ట్, టి) కొట్టి 'మేత' అని రెండక్షరాలు టైప్ చేసి ఎంటర్ కొడితే ఆ ట్యాబు ముందుకొస్తుంది. చిన్న ఎఫ్ కొడితే పేజీలో ప్రతి లింకు మీదా అక్షరాలు పడతాయి, అవి కొడితే లింకు తెరుచుకుంటుంది. మొదటి రెండు రోజులు చిరాకే. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డ్ ఆన్‌లో ఉండగా ఎఫ్ కొట్టి, పనిచేయడం లేదని నేనూ ఓ పూట తిట్టుకున్నాను. ఇంగ్లీషుకి మార్చాకే ఈ టి, ఎఫ్ మీటలు కొట్టండి.

ఒక జాగ్రత్త. ఎక్స్‌టెన్షన్ తీసేస్తే అందులో దాచినవీ పోతాయి. నెలకోసారి సెషన్లను ఎక్స్‌పోర్ట్ చేసి ఆ ఫైలు పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి. కనపడ్డ ప్రతి ట్యాబ్ ఎక్స్‌టెన్షనూ వేయకండి. లక్షల మంది వాడిన 'ది గ్రేట్ సస్పెండర్' చేతులు మారాక, మాల్‌వేర్ (హాని చేసే ప్రోగ్రామ్) ఉందని 2021లో గూగులే తీసేసింది.

ప్రశ్న: అమలాపురంలో నెట్ సెంటర్ నడుపుతున్నాను. సేవ్ చేసిన సెషన్ తెరిస్తే మళ్లీ లాగిన్ అడుగుతోంది, సగం నింపిన అప్లికేషన్ ఖాళీగా వస్తోంది. ఎందుకు?

జవాబు: సెషన్‌లో దాగేది పేజీ అడ్రసే, మీ లాగిన్ గానీ మీరు టైప్ చేసింది గానీ కాదు. అప్లికేషన్లో 'సేవ్ డ్రాఫ్ట్' ఉంటే అదే దిక్కు. అయినా పదిమంది కూర్చునే కంప్యూటర్‌లో కస్టమర్ల పేజీలు దాచకండి. వాళ్ల పని ఇన్‌కాగ్నిటో (మూసేస్తే లాగిన్లు మిగలని) విండోలో చేసి, వాళ్లు లేవగానే ఆ విండో మూసేయండి.